ఆక్టోపస్ గుమ్మానికి అడ్డంగా నా గుర్తింపు కార్డు

శాన్ ఆంబ్రోసియో,
మార్చి 21, శనివారం.

సిబుయోగ్ అఖాత సంరక్షిత ప్రాంత పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

విషయం: గైడ్ నెం. 17 గుర్తింపు కార్డు ఒక ఆక్టోపస్ స్వాధీనంలో ఉండుట – దానిని వెనక్కు ఇప్పించమని నేను పెట్టుకున్న మొదటి అర్జీని రద్దు చేయమని నేనే పెట్టుకుంటున్న రెండవ అర్జీ – గురించి.

సూచిక: తమ ఉత్తర్వు నెం. 41 (ఇనుప కొక్కెం).

అయ్యా,

క్రింద సంతకం చేసిన తియోడులో అబ్రీనా, వయస్సు యాభై రెండు, వృత్తి కయాక్ గైడ్ (మొన్నటి వరకు), అను నేను తమకు నమస్కరించి, కూర్చుని చదువుకోమని కోరుతూ విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను పందొమ్మిదేళ్లుగా సిబుయోగ్ అఖాతంలో సందర్శకులను కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవల్లో తీసుకువెళ్లి, మాస్కు తొడిగి, గొట్టం నోట పెట్టించి, పగడాలు చూపించి, తిరిగి ఒడ్డుకు చేర్చు పనిలో ఉన్నాను. తీసుకువెళ్లిన వారిలో ఒక్కరినీ తక్కువ తీసుకురాలేదు. ఒకసారి మాత్రం ఒకరిని ఎక్కువ తెచ్చాను. ఆయన వేరే గైడ్ మనిషని ఒడ్డుకు వచ్చాకే తెలిసింది. దానికి అప్పట్లోనే సంజాయిషీ ఇచ్చుకున్నాను.

2. నియమావళి నాలుగవ నిబంధన ప్రకారం, గైడ్ అనువాడు నీటి పైన గాని నీటి లోపల గాని ఉన్నంతసేపు తన ఫొటో కార్డును మెడలో, ముఖం బయటకు కనబడునట్లు వేలాడదీసుకోవలెను. నేను వేలాడదీసుకున్నాను. ఈ గొడవ మొత్తానికి మూలం నేను నిబంధన పాటించుటయే అని మనవి.

3. మార్చి 3వ తేదీ, మంగళవారం ఉదయం, ఇలోయిలో నగరం నుండి చెల్లెలి ఇంటికి వచ్చిన పురిఫికాసియోన్ గారు అనే రిటైరైన సైన్సు టీచరును ఇద్దరు కూర్చునే కయాక్‌లో తూర్పు పగడపు దిబ్బ వద్దకు తీసుకువెళ్లాను. ఆమెకు డెబ్భై ఒక్క ఏళ్లు.

“ఏమయ్యా, నాకు ఈత రాదు. మునిగితే?” అన్నారు దారిలో.

“లైఫ్ జాకెట్ ఉంది కదా టీచరమ్మా, మునగమన్నా మునగరు.”

“నలభై ఏళ్లు పిల్లలకి సముద్రజీవుల పాఠం చెప్పాను. ఒక్కదాన్నీ కళ్లతో చూళ్లేదు. అన్నిటినీ సుద్దముక్కతో బోర్డు మీద గీశాను. నత్త ఒక్కటే బాగా వచ్చేది.”

దిబ్బ దగ్గర ఇద్దరం నీళ్లలోకి దిగాం. నా ఎడమ చేయి టీచరమ్మ పట్టులో ఉంది. నలభై ఏళ్లు అల్లరి పిల్లల చెవులు పట్టిన చెయ్యి అది. నా కుడి చేయి కయాక్ తాడు మీద ఉంది. లోతు తక్కువ చోట కింద పగడం ఆమెకు తగలకుండా నేను కొంచెం వంగి చూస్తుండగా, అంతవరకు రాయి అని నేను అనుకుంటున్నది కళ్లు తెరిచింది. తర్వాత ఎర్రబడింది. తర్వాత నా మెడ దాకా వచ్చింది.

ఖాళీగా ఉన్న చేతులు నాకు సున్న. దానికి ఎనిమిది.

టీచరమ్మ గొట్టంలోంచి “ఊఁ! ఊఁ ఊఁ ఊఁ!” అన్నారు. ప్రాణభయంతో అరుస్తున్నారనుకుని ఆమెను పైకి లేపాను. ఆమె గొట్టం తీసి నన్ను తిట్టారు.

“కదలకు అన్నానయ్యా! ఎంత ఒడుపుగా ఊడదీస్తోందో చూడు అన్నాను! చూడనిచ్చావా?”

అప్పటికే కార్డు తాడుకున్న క్లిప్పును ఆక్టోపస్ నొక్కి ఊడదీసి, కార్డు పట్టుకుని, పుట్టగొడుగు ఆకారపు పగడం కింద ఉన్న కన్నంలోకి వెళ్లిపోయింది. ఆ క్లిప్పును నొక్కి ఊడదీయుట నాకు పందొమ్మిదేళ్లుగా సరిగా రాదు. నేను తలమీదుగానే తీస్తాను.

4. సముద్రజీవులను తాకరాదను తొమ్మిదవ నిబంధనను ఆ రోజున నేను అతిక్రమించలేదు. అదే నన్ను మెడ మీద, చెవి వెనక, గడ్డం కింద తాకింది. నా మెడ మీద వరుసగా పడిన గుండ్రటి ఎర్ర మచ్చలు చూసి నా భార్య రెమెడియోస్ అడిగిన ప్రశ్నలను ఒక ప్రభుత్వ కార్యాలయానికి పెట్టుకునే అర్జీలో రాయుట మర్యాద కాదు. టీచరమ్మ మా ఇంటికి వచ్చి సాక్ష్యం చెప్పాక గాని నాకు అన్నం పెట్టలేదని మాత్రం రాస్తాను.

5. మరునాడు కొత్త కార్డు కోసం తమ కార్యాలయంలో రెండవ కౌంటరు వద్ద కుమారి జెనోవేవా గారిని కలిశాను. ఆమె ఫారం మీద మూడు గళ్లు పెన్నుతో చూపించారు.

“పోయిందా, దొంగిలించారా, పాడైందా?”

“ఆక్టోపస్ పట్టుకెళ్లిందమ్మా.”

“ఆ గడి లేదు.”

“అయితే పోయింది అని పెట్టండి.”

“పోయిందంటే, ఎక్కడుందో తెలీదని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తెలీదా మీకు?”

“తెలుసు. తూర్పు దిబ్బ, పుట్టగొడుగు పగడం, కింద ఎడమవైపు కన్నం.”

“అంత బాగా తెలిసి పోయిందని ఎలా రాస్తారు? దొంగ ప్రమాణం అవుతుంది.”

“పోనీ, దొంగిలించారు.”

“పోలీసు కాగితం కావాలి. దొంగ పేరు, వయసు, చిరునామా.”

“చిరునామా ఇప్పుడే చెప్పాను కదమ్మా!”

“వయసు?”

చివరికి ఆమెకే జాలేసి, “పోనీ పాడైందని పెడదామా? కార్డు ఇలా ఇవ్వండి, జత చేస్తాను” అన్నారు.

ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. గ్లాసుడు మంచినీళ్లు కూడా ఇచ్చారు.

6. అదే రోజు తమ కార్యాలయపు భోజన విరామం రెండున్నర గంటలు సాగింది. ఇది ఫిర్యాదు కాదు. సమాచారం.

7. కార్డు లేకపోయినా నా పని నేను చేసుకుందామని రేవుకు వెళ్లగా, అక్కడ తమ కాపలాదారు ఉల్దారికో నన్ను ఆపాడు. ఇతను నా భార్యకు సొంత తమ్ముడు. నా పెళ్లిలో నా భుజాల మీద కూర్చుని ఐస్‌క్రీం తిని, నా చొక్కా మీద కార్చినవాడు.

“కార్డు లేకుండా నీళ్లలో కాలు పెట్టకూడదు బావా.”

“కార్డు నీళ్లలోనే ఉందిరా.”

“అదే చెప్తున్నా. కార్డు డ్యూటీలో ఉంది. నువ్వు లేవు.”

“ఉల్దారికో, నేను నీకు బావని.”

“ఫొటో చూపించు, నమ్ముతా.”

రేవులో అందరూ నవ్వారు. ఆ రోజు నుండి నన్ను చూస్తే “అదిగో, ఆక్టోపస్ మొగుడు” అంటున్నారు. మా చర్చిలో కానుకల బుట్ట పట్టుకునే ఆయన కూడా అన్నాడు.

8. ఇక తరువాతి విషయం. ఆ ఆక్టోపస్ చుట్టుపక్కల గుల్లలు, రాళ్లు ఏరి తెచ్చి తన కన్నానికి గోడ కట్టుకుని, మధ్యలో మిగిలిన సందుకు నా కార్డును తలుపుగా పెట్టుకుంది. ఫొటో బయటి వైపుకు ఉంది. అంటే నాలుగవ నిబంధనను అది కూడా పాటించింది.

తక్కిన గైడ్లందరూ తమ సందర్శకులను మొదట అక్కడికే తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. జనం మాస్కులు పెట్టుకుని నా మొహం చూసి, చెయ్యి ఊపి వస్తున్నారు. మార్చి 11న సందర్శకుల పుస్తకంలో ఒక కుటుంబం ఇలా రాసింది: “తియోడులో గారు చాలా ఓపిక గల మనిషి. మేము వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చిరునవ్వుతో అక్కడే ఉన్నారు.” ఇటువంటివి పద్నాలుగు వచ్చాయి. దరిమిలా మార్చి 16న తమ కార్యాలయం నుండి నాకొక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి, కార్డు లేని కారణంగా నన్ను విధుల నుండి తప్పిస్తూ ఇచ్చిన నోటీసు. రెండవది, ఈ నెల ఉత్తమ గైడ్‌గా నన్ను ఎంపిక చేస్తూ ఇచ్చిన ప్రశంసాపత్రం. రెండింటి మీదా తమ సంతకమే ఉంది, ఒకే సిరాతో. రెమెడియోస్ రెండవదానికి ఫ్రేము కట్టించింది. మొదటిదానిలో వేయించిన అరటిపళ్లు చుట్టి అమ్మేసింది.

9. అటు పిమ్మట నేను మొదటి అర్జీ పెట్టుకున్నాను. తమరు దయతలచి ఉత్తర్వు నెం. 41 జారీ చేశారు. కాపలాదారు ఉల్దారికో 20వ తేదీ శుక్రవారం ఉదయం ఇనుప కొక్కెంతో వెళ్లి సదరు కార్డును బయటకు లాగి తేవలెనని దాని సారాంశం. ఆ కాగితం చేతికి అందినప్పుడు నేను ఏడ్చిన మాట నిజం. రెమెడియోస్ ఆ మధ్యాహ్నం పండగనాటిలా సేమ్యా వండి రొయ్యలు వేసింది.

10. శుక్రవారం ఉల్దారికో, టీచరమ్మ, నేను మూడు కయాక్‌లలో వెళ్లాం. కార్డు లేనందున నేను సందర్శకుడిగా టికెట్టు కొనుక్కుని, ముందుగా చెప్పే నియమాల ఉపన్యాసం కూర్చుని విన్నాను. ఆ ఉపన్యాసం పన్నెండేళ్ల కిందట నేను రాసిందే. సముద్రంలో ఏదీ ముట్టుకోవద్దు, ఏదీ తీసుకోవద్దు, ఏదీ వదలవద్దు అని ఉంటుంది. అంతా విని బుద్ధిగా తల ఊపాను.

దిబ్బ దగ్గర అందరికన్నా ముందు టీచరమ్మ నీళ్లలో మొహం పెట్టారు. ఈ పదిహేడు రోజుల్లో ఆమెకు భయం పోయింది. లైఫ్ జాకెట్ మీద తేలుతూ, కార్డు పక్క సందులోంచి చాలాసేపు చూసి, తటాలున తల పైకెత్తారు.

“ఆపు! ఒరేయ్, ఆ కొక్కెం ఆపు!”

“ఏమైంది టీచరమ్మా?” అన్నాడు ఉల్దారికో.

“గుడ్లు! లోపల పైకప్పు నిండా గుడ్లు. మల్లెమొగ్గల దండలు వేలాడేసినట్టున్నాయి.”

“నా దగ్గర ఉత్తర్వు ఉందమ్మా. అందులో గుడ్ల సంగతి రాయలేదు.”

“అది తల్లిరా. పిల్లలు బయటపడేదాకా తిండి ముట్టదు. గుడ్ల మీదకి నీళ్లు ఊదుతూ కూర్చుంటుంది, అంతే. పిల్లలు వెళ్లిపోయాక చచ్చిపోతుంది.” ఆమె మాస్కు నుదుటి మీదికి జరుపుకుని నా వైపు చూశారు. “నలభై ఏళ్లు రాయించానయ్యా ఇది. ‘తల్లి ఆహారం తీసుకోదు’. రెండు మార్కుల ప్రశ్న.”

ఉల్దారికో మంచివాడు. కాని ఉద్యోగం చేస్తున్న మనిషి. “బావా, నువ్వడిగితేనే కదా వచ్చింది ఈ ఉత్తర్వు?” అని, మునిగాడు.

నేను పైనుంచి మాస్కులో చూస్తున్నాను. కొక్కెం కార్డు అంచుకు తగిలింది. కార్డు పక్కకు ఒరిగింది. ఒరిగిన మరుక్షణం, అంతసేపూ ఏమీ ఎరగనట్టు అక్కడక్కడే తిరుగుతున్న పెద్ద పళ్ల చేప ఒకటి ఆ సందులోకి దూసుకువచ్చింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి కార్డును పట్టుకుంది. పదిహేడు రోజుల కిందట నా మెడ పట్టిన చెయ్యి కాదది. తెల్లగా పాలిపోయి, చిక్కిపోయి ఉంది. బయట ఇనుప కొక్కెం లాగుతోంది, లోపల ఆ చెయ్యి లాగుతోంది, మధ్యలో నా ఫొటో నవ్వుతోంది.

అయ్యా, ఇక్కడ కొంచెం అర్జీ భాష తప్పుతాను. ఇరవై ఏళ్ల కిందటి తుఫాను నాడు మా రేకుల ఇంటి తలుపు గొళ్లెం ఊడిపోయింది. రెమెడియోస్ మూడు నెలల పిల్లను ఒళ్లో పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి, కాళ్లు గోడకు తన్నిపెట్టి, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. నేను గొళ్లెం వెతుకుతూ ఇల్లంతా తిరిగాను. దొరకలేదు. ఆ రోజు ఆమె మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

నేను జాకెట్ విప్పి మునిగాను.

11. ఆ తరువాత జరిగిన అపరాధములను ఎవరో వచ్చి చెప్పకముందే నేనే ఒప్పుకొనుచున్నాను. కార్డు లేకుండా నీటి అడుగుకు వెళ్లాను. విధి నిర్వహణలో ఉన్న కాపలాదారు చేతిలోంచి కొక్కెం లాక్కున్నాను. పెద్ద పళ్ల చేపను, ఈతకు కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్కతో అదిలించాను. అది ఆ రెక్కలో ఒక ముక్క కొరుక్కుని వెళ్లిపోయింది, కాబట్టి ‘ఏదీ వదలవద్దు’ అన్నదీ తప్పాను. తరువాత ఒరిగిన కార్డును రెండు వేళ్లతో నిలబెట్టి, సందులోకి మళ్లీ సరిగ్గా దోపాను. అప్పుడు ఆ చెయ్యి వచ్చి నా వేలి మీద ఆగింది. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను గనుక ఎంతసేపో చెప్పలేను. తరువాత వేలు వదిలి కార్డు పట్టుకుంది. ఈసారి తాకింది అది ఒక్కటే కాదు, నేనూ తాకాను. తొమ్మిదవ నిబంధన కింద శిక్షకు సిద్ధం.

కొక్కెం లోతులోకి జారిపోయింది. ‘ప్రవాహంలో కొట్టుకుపోయినది’ అని ఉల్దారికో తన నివేదికలో రాసిన మాట పూర్తి అబద్ధం కాదు. ప్రవాహం ఉంది. కొక్కెం పోయింది. రెంటికీ సంబంధం ఉందని అతనెక్కడా ప్రమాణం చేయలేదు.

పైకి వచ్చాక టీచరమ్మ నా వీపు మీద గట్టిగా చరిచి, “రెండుకి రెండు!” అన్నారు.

12. ఇంటికి వెళ్లి రెమెడియోస్‌కు చెప్పాను. ఆమె అరటిపళ్లు వేయిస్తోంది.

“కార్డేది?”

“ఇచ్చేశాను.”

“ఎవరికి?”

“దానికే.”

“తెచ్చుకోడానికి వెళ్లి, ఇచ్చి వచ్చావా? ఉద్యోగం తీసుకెళ్లి ఆక్టోపస్ చేతిలో పెట్టొచ్చావా? దానికి తలుపు కావాలి సరే, మనకి పొయ్యి మీదకి ఏం కావాలి?”

గుడ్ల సంగతి చెప్పాను.

“ఎన్ని?”

“వేలల్లో ఉంటాయట.”

“అన్నిటికీ అదొక్కతేనా?”

“ఒక్కతే.”

“తిండి లేకుండా?”

“లేకుండా.”

ఆమె కాసేపు మూకుడు వంక చూసింది. ఒకవైపు పళ్లు మాడాయి కూడా. అంతలో ఉల్దారికో, పాపం, తడి బట్టలతో గుమ్మంలోకి వచ్చి, “అక్కా, ఆకలేస్తోంది” అన్నాడు.

“ఆ కొక్కెం పట్టుకెళ్లింది నువ్వేనా?”

“ఉత్తర్వు అక్కా…”

“అయితే అన్నం కూడా వాళ్లనే అడుగు, పో.”

అతను రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నాక గాని కంచం పెట్టలేదు. ఈ అర్జీ రాయమని చెప్పింది కూడా రెమెడియోసే. అపరాధాల పేరాలో కొన్ని మాటలు ఆమె కొట్టివేసినది. వాటిలో తమరి గురించినవి కూడా కొన్ని ఉన్నవి.

13. కావున ప్రార్థించుకొనునది:

ఉత్తర్వు నెం. 41ని వెంటనే రద్దు చేయవలెను. మరొక కొక్కెం కొనరాదు. పిల్లలు బయటపడేవరకు, అంటే టీచరమ్మ లెక్క ప్రకారం ఇంకొక మూడు నాలుగు వారాలు, పుట్టగొడుగు పగడం చుట్టూ తాడు కట్టి తేలే బంతులు వేసి ఎవరినీ దగ్గరికి పోనీయకుండా చూడవలెను. అక్కడికి సందర్శకులను తీసుకువెళ్లి నా మొహం చూపిస్తున్న గైడ్లను ముందుగా మందలించవలెను. వారి పేర్లు అడిగితే చెప్పను, వారందరితో నేను కలిసి భోంచేస్తాను. ఉల్దారికోను ఏమీ అనవద్దు. వాడికి మా ఇంట్లో పడిన శిక్ష చాలు. ఇక నా సంగతి. ఈ నాలుగు వారాలూ నన్ను రేవులో మాస్కులు కడిగే పనికైనా పెట్టుకుంటే సంతోషం. అది ఒడ్డు మీది పని, కార్డు అక్కరలేదు. పెట్టుకోకపోయినా, నేను ఆ కార్డు మాత్రం అడగను. తమరు తెప్పించి చేతికిచ్చినా తీసుకోను.

14. చివరిగా ఒక మాట. తమరు ఇక్కడికి వచ్చి మూడేళ్లయింది. తమ కార్యాలయం కిటికీ రోడ్డు వైపుకు ఉంది. ఈ మూడేళ్లలో తమరు సిబుయోగ్ అఖాతం మీద తొంభైకి పైగా ఉత్తర్వులు ఇచ్చారు గాని, దాంట్లో ఒక్కసారీ కాలు పెట్టలేదు. భయం వల్ల అయితే చెప్పండి, సిగ్గుపడే పని లేదు. మొదటిసారి అందరూ భయపడతారు, నేను పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. సోమవారం ఉదయం ఏడింటికి నీళ్లు అద్దంలా ఉంటాయి. నాకు కార్డు లేదు గనుక నేను వెంట రాలేను. తెడ్డు ఉల్దారికో వేస్తాడు. ఎడమ చేయి పట్టుకోవడానికి టీచరమ్మ సిద్ధంగా ఉన్నారు. తమరు ఆ పగడం పైన ఒక్క నిమిషం నీళ్లలో మొహం పెట్టి, ఆ తల్లి వంక చూసి, తరువాత ఒడ్డుకు వచ్చి ఏ కాగితం మీద ఎటు సంతకం పెట్టాలనిపిస్తే అటు పెట్టి, ఈ విన్నపమును ఆ తడి చేతులతోనే చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
ఒడ్డున నిలబడి ఎదురుచూచుచున్న
తమ విధేయుడు,
తియోడులో అబ్రీనా,
గైడ్ నెం. 17.

తా.క.: మాస్కు పెట్టుకునే ముందు అద్దం లోపలివైపు కాస్త ఉమ్మి, వేలితో రుద్ది, నీళ్లలో జాడించండి. లేకపోతే మసక పట్టి ఏమీ కనబడదు. ఈ ఒక్క పని మాత్రం సిబ్బంది చేత చేయించవద్దు సార్, మీ ఉమ్మే వాడండి.